ఆ డబ్బుతో ఎవరి బతుకులో ఏం మారింది?
(మానసిక ఆరోగ్య సేవల ప్రణాళిక మీద జరిగిన సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

ఈ హాల్లో సైకియాట్రిస్టులు, నర్సులు, సోషల్ వర్కర్లు ఉన్నారు. బడ్జెట్ ఫైళ్ళు చూసే అధికారులు ఉన్నారు. ఇంట్లో జబ్బుమనిషిని చూసుకుంటున్నవాళ్ళు, ఆ జబ్బును స్వయంగా పడినవాళ్ళు కూడా వచ్చారు. మామూలుగా డబ్బు మాట ఒక గదిలో, మనుషుల మాట ఇంకో గదిలో నడుస్తాయి. ఈ రోజు రెండూ ఒకే చోట మాట్లాడుకునే అవకాశం దొరికింది కాబట్టి మొహమాటం లేకుండా మాట్లాడతాను.

ఒక ప్రాంతానికి మానసిక ఆరోగ్య సేవలు ప్లాన్ చేద్దామని కూర్చున్నప్పుడు మొట్టమొదట వచ్చే ప్రశ్న "మనిషికి ఎంత పడుతుంది?" అని. అడగడంలో తప్పేమీ లేదు. చేతిలో ఉండేదే తక్కువ. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2019లో ప్రతి ఎనిమిది మందిలో ఒకరు, అంటే సుమారు 97 కోట్ల మంది, ఏదో ఒక మానసిక సమస్యతో బతుకుతున్నారు. ప్రభుత్వాలు ఆరోగ్యానికి కేటాయించే డబ్బులో మానసిక ఆరోగ్యానికి దక్కేది సగటున 2 శాతం దగ్గర. అందులో ఎక్కువ భాగం పెద్ద పెద్ద మానసిక ఆసుపత్రులకే పోతుంది. ఇంత కొంచెం డబ్బులో పైసా వృథా అయినా అది ఎవరో ఒకరికి అందాల్సిన చికిత్స. అందుకే లెక్క చూడాలి, గట్టిగా చూడాలి. కాకపోతే "మనిషికి ఎంత" అనే దగ్గరే లెక్క ఆపేస్తే తప్పుడు సేవను ఎంచుకుంటాం.

ఒక సేవ రాకముందు అక్కడి మనుషులకు ఏం దొరుకుతోంది, వచ్చాక వాళ్ళ బతుకులో ఏం మారింది, ఆ తేడాయే ఆ సేవ విలువ. తేడా తెలియకుండా విలువ కట్టలేం. ఈ రోజు నేను చెప్పదలుచుకున్నది ఇంతే. మిగతాదంతా ఈ తేడాను ఎలా పట్టుకోవాలి, ఎక్కడ చేజారిపోతుంది అన్నదే.

ముందు ఒక చిన్న లెక్క చేద్దాం. అంకెలు ఊహకే, ఏ దేశపు డబ్బైనా అనుకోండి. డిప్రెషన్‌కి రెండు కౌన్సెలింగ్ సేవలున్నాయి. మొదటిదాంట్లో మనిషికి 10 ఖర్చు, రెండోదాంట్లో 40. మూడు నెలలయ్యాక చూస్తే మొదటిదాంట్లో 100 మందికి 30 మంది కోలుకున్నారు, రెండోదాంట్లో 60 మంది. కోలుకున్న ఒక్కో మనిషికి లెక్క కడితే మొదటిదాంట్లో 33, రెండోదాంట్లో 67. మొదటిదే చౌక అనిపిస్తుంది, మీటింగులో అదే పాసవుతుంది.

కానీ డిప్రెషన్ కొందరిలో దానంతటదే తగ్గుతుంది. చికిత్స అందనివాళ్ళ మీద జరిగిన పరిశోధనలన్నిటినీ కలిపి చూసిన ఒక సమీక్షలో మూడు నెలల్లో 23 శాతం మందికి, ఏడాదిలో 53 శాతం మందికి తగ్గినట్టు తేలింది. అంటే మన 100 మందిలో ఒక 23 మంది ఏ సేవా లేకపోయినా కోలుకునేవాళ్ళే. వాళ్ళను తీసేయండి. మొదటి సేవ వల్ల అదనంగా బాగుపడింది 7 మంది, రెండోదాని వల్ల 37 మంది. ఇప్పుడు లెక్క కట్టండి. మొదటిదాంట్లో ఒక్కొక్కరికి 143, రెండోదాంట్లో 108. చౌక అనుకున్నదే ఖరీదైంది. మనుషులు మారలేదు, ఖర్చు మారలేదు, మనం తీసివేత ఒకటి చేశాం, అంతే.

ఇక్కడ ఒక మాట చెప్పి ముందుకు వెళ్తాను. దానంతటదే తగ్గుతుందట కదా, చికిత్స ఎందుకు అని దయచేసి ఎవరూ అనకండి. ఏడాది పాటు ఆ చీకట్లో ఉండటమంటే ఉద్యోగం పోవచ్చు, కాపురం చెదరవచ్చు, ప్రాణమే పోవచ్చు. మిగతా సగం మందికి ఏడాదయినా తగ్గడం లేదన్న సంగతి కూడా అదే అంకెలో ఉంది.

చౌక సేవల సంగతి ఊహాలెక్కతో వదిలేయకుండా నిజంగా జరిగినది చూద్దాం. కంప్యూటర్‌లో మనిషి తనంతట తానే చేసుకునే కౌన్సెలింగ్ ప్రోగ్రాములు వచ్చినప్పుడు ప్లానింగ్ చేసేవాళ్ళకి చాలా ఆశ కలిగింది. ఒకసారి తయారుచేస్తే ఎంతమందికైనా ఇవ్వొచ్చు కదా అని. బ్రిటన్‌లో డిప్రెషన్ ఉన్న 691 మంది మీద ఇలాంటి రెండు ప్రోగ్రాములను పరీక్షించి 2015లో ఫలితాలు ప్రచురించారు. ఫ్యామిలీ డాక్టరు మామూలుగా చేసే వైద్యం కన్నా వాటి వల్ల అదనపు మేలు కనపడలేదు. కారణం లోపలికి వెళ్తే తెలుస్తుంది. ఒక ప్రోగ్రాములో అన్ని సెషన్లూ పూర్తిచేసినవాళ్ళు 18 శాతం, ఇంకోదాంట్లో 16 శాతం. పొద్దున లేచి ముఖం కడుక్కోవడమే కష్టంగా ఉన్న మనిషికి పాస్‌వర్డ్ ఇచ్చి నీ అంతట నువ్వు చేసుకో అంటే ఎంతమంది చేయగలరు? వెంట ఒక మనిషి ఉండి, వారానికోసారి ఫోన్ చేసి ఎక్కడిదాకా వచ్చారని అడిగే పద్ధతుల్లో ఫలితాలు మెరుగ్గా ఉంటున్నాయి. అయితే ఆ మనిషికి జీతం ఇవ్వాలి. ఖర్చు తగ్గించడానికి తీసేసిన ఆ మనిషే అసలు పని చేసే భాగం కావచ్చు. కోత పెట్టే ముందు ఈ సంగతి చూసుకోవాలి.

ఇప్పుడు "దేనితో పోలిస్తే" అనే ప్రశ్నకి వద్దాం. ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే ఇంకోచోట బాగా పనిచేసిన సేవను అలాగే తెచ్చి పెట్టుకునే అలవాటు మనందరిలోనూ ఉంది.

అమెరికాలో విస్కాన్సిన్ రాష్ట్రంలోని మాడిసన్ నగరంలో 1970లలో లియొనార్డ్ స్టైన్, మేరీ ఆన్ టెస్ట్ అనే ఇద్దరు ఒక కొత్త పద్ధతి మొదలుపెట్టారు. తీవ్రమైన మానసిక జబ్బుతో ఆసుపత్రికి వచ్చినవాళ్ళను అడ్మిట్ చేసుకునే బదులు ఒక టీమ్ వాళ్ళ ఇళ్ళకే వెళ్ళేది. రాత్రీ పగలూ అందుబాటులో ఉండేది. వంట, బట్టలు ఉతుక్కోవడం, బజారు పని, ఉద్యోగం వెతుక్కోవడం, అన్నిట్లో పక్కన నిలబడేది. బర్టన్ వైస్‌బ్రాడ్ అనే ఆర్థికవేత్త వాళ్ళతో కలిసి 1980లో దీని లెక్కలు ప్రచురించారు. ఈ రంగంలో పనిచేసేవాళ్ళంతా ఒక్కసారైనా చదవాల్సిన లెక్కలవి. ఆసుపత్రి ఖర్చుతో ఆగకుండా పోలీసుల ఖర్చు, కోర్టుల ఖర్చు, కుటుంబం మోసిన భారం, మనిషి సంపాదించుకున్న జీతం అన్నీ కాగితం మీదకి తెచ్చారు. కొత్త పద్ధతిలో మనిషికి ఏడాదికి దాదాపు 800 డాలర్లు ఎక్కువ ఖర్చయింది. కానీ సంపాదన మొదలైన లాభాలు దాదాపు 1,200 డాలర్లు పెరిగాయి. ఆసుపత్రి పద్దు ఒక్కటే చూసే అధికారి అయితే ఈ లెక్కంతా చదవనే చదవడు. అన్ని పద్దులూ చూసినవాడికి ఇది లాభం.

ఆ పద్ధతి ప్రపంచమంతా పాకింది. ఉత్తర లండన్‌లో 251 మంది మీద పరీక్షించి 2006లో ఫలితం ప్రచురించారు. ఆసుపత్రిలో గడిపిన రోజుల్లో తేడా లేదు! పేషెంట్లు సేవతో ఎక్కువ తృప్తిగా ఉన్నారు, మధ్యలో వదిలిపోవడం తగ్గింది. అది మంచి సంగతే. కానీ మాడిసన్‌లో కనపడ్డ ఆ పెద్ద లాభం కనపడలేదు. ఎందుకు? మాడిసన్‌లో కొత్త టీమును పోల్చింది ఆసుపత్రిలో పడుకోబెట్టే పద్ధతితో. లండన్‌లో పోల్చింది అప్పటికే ఇళ్ళకు వెళ్తున్న సాధారణ కమ్యూనిటీ టీములతో. కింద మెట్టు అక్కడ అప్పటికే ఎత్తుగా ఉంది. సేవ అదే, విలువ వేరు.

కాబట్టి ఎవరైనా వచ్చి ఫలానా సేవలో ఒక డాలర్ పెడితే నాలుగు డాలర్లు వస్తాయట అంటే, ఎక్కడ, దేనితో పోలిస్తే అని అడగండి. ఆ నాలుగు డాలర్ల అంకె నిజంగానే ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆధ్వర్యంలో 2016లో 36 దేశాలకు డిప్రెషన్, యాంగ్జైటీల చికిత్స విస్తరిస్తే ఏమవుతుందని కట్టిన అంచనా అది. మానసిక ఆరోగ్యానికి డబ్బు కావాలని మంత్రుల దగ్గర వాదించడానికి అది మంచి ఆయుధం. మీ ప్రాంతంలో వచ్చే ఏడాది ఇద్దరు నర్సులను తీసుకోవాలా, ఒక పునరావాస కేంద్రం తెరవాలా అని తేల్చడానికి మాత్రం అది పనికిరాదు.

అలాగే "ఎవరికి" అన్నది. కెనడాలో ఐదు నగరాల్లో, ఇల్లూవాకిలీ లేక మానసిక జబ్బుతో ఉన్న 2 వేల మందికి పైగా మనుషులతో ఒక పెద్ద ప్రయోగం చేశారు. కొందరికి ముందు ఇల్లు ఇచ్చారు. మందులు వాడితేనే ఇస్తాం, తాగుడు మానితేనే ఇస్తాం అనే షరతులు పెట్టలేదు. 2014లో వచ్చిన తుది నివేదికలో మూడు అంకెలున్నాయి. అంతకుముందు అందరికన్నా ఎక్కువ ఖర్చవుతున్న 10 శాతం మంది విషయంలో, పెట్టిన ప్రతి 10 డాలర్లకు మిగతా సేవల్లో 21 డాలర్ల 72 సెంట్లు ఆదా అయింది. అవసరాలు ఎక్కువగా ఉన్న గుంపు మొత్తానికి చూస్తే 9 డాలర్ల 60 సెంట్లు. ఒక మోస్తరు అవసరాలున్న గుంపుకి 3 డాలర్ల 42 సెంట్లు. ముందు ఇల్లు ఇవ్వడం అన్ని గుంపుల్లోనూ ఒకటే, వెంట ఉన్న టీము మాత్రం అవసరాన్ని బట్టి వేరు. ఎవరికి ఇచ్చారన్న దాంతో ఆదా ఇంతగా మారింది.

దీన్నుంచి తేలేది ఏమిటంటే ఎక్కువ ఖర్చవుతున్న ఆ కొద్దిమందిని వదిలేసి, సులువుగా కోలుకునేవాళ్ళతో సేవను నింపుకుంటే అంకెలు అందంగా కనిపిస్తాయి, ఆదా మాత్రం జరగదు. ఇది నన్ను చాలా బాధపెట్టే విషయం. "కోలుకున్నవారి శాతం" ఒక్కటే కొలమానం పెట్టిన చోట, కష్టమైన కేసులను గుమ్మం దగ్గరే ఆపేసే ఒత్తిడి సిబ్బంది మీద పడుతుంది. వాళ్ళు చెడ్డవాళ్ళై అలా చేయరు. మనం పెట్టిన కొలమానం వాళ్ళతో అలా చేయిస్తుంది. ఇంకో మాట కూడా చెప్పాలి. ఆ మూడో గుంపులో ఆదా తక్కువ అన్నంత మాత్రాన ఇల్లు వృథా కాలేదు. వాళ్ళకీ తలదాచుకునే చోటు దొరికింది. ఆదా వేరు, విలువ వేరు. గుండె ఆపరేషన్‌ని ఇది తిరిగి ఎంత సంపాదిస్తుంది అని ఎవరూ అడగరు. మానసిక ఆరోగ్యాన్ని మాత్రం ప్రతిసారీ తన ఖర్చు తానే రాబట్టుకోమంటున్నాం.

మరి విలువను దేంతో కొలవాలి? ఆరోగ్య ఆర్థికశాస్త్రంలో క్వాలీ అని ఒక కొలత ఉంది. పూర్తి ఆరోగ్యంతో గడిచిన ఒక ఏడాదికి 1 మార్కు, మరణానికి 0, మధ్యలో మనిషి ఉన్న స్థితిని బట్టి మార్కు. బ్రిటన్‌లోని నైస్ అనే సంస్థ ఒక క్వాలీకి 20 వేల నుంచి 30 వేల పౌండ్ల లోపు పడితే ఆ చికిత్సకు డబ్బు పెట్టొచ్చని చాలా ఏళ్ళు పాటించింది. కీళ్ళ మార్పిడినీ, డిప్రెషన్ చికిత్సనూ ఒకే కొలబద్ద మీద పెట్టగలగడం దీని గొప్పతనం. ఆ పోలిక లేకపోతే మానసిక ఆరోగ్యం ఎప్పుడూ వరుసలో చివరే ఉంటుంది. అందుకే నేను దాన్ని తోసిపుచ్చను.

అయితే ఆ మార్కు ఎలా వేస్తారో దగ్గరగా చూడండి. ఎక్కువగా వాడే ప్రశ్నాపత్రం పేరు ఈక్యూ ఫైవ్ డీ. ఐదే ప్రశ్నలు. స్కిజోఫ్రీనియాతో ఉన్న ఒక పాతికేళ్ళ అబ్బాయి ముందు ఆ కాగితం పెట్టారనుకోండి. నడవడంలో ఇబ్బంది ఉందా? లేదు. స్నానం చేయడం, బట్టలు వేసుకోవడం సొంతంగా చేసుకోగలరా? చేసుకోగలడు. రోజువారీ పనులు? గదిలో కూర్చోవడమే అతని రోజువారీ పని అయిపోయింది కాబట్టి, ఇబ్బంది లేదనే టిక్ పెడతాడు. ఒంట్లో నొప్పి, బాధ? లేవు. ఆందోళన, దిగులు? కొంచెం. కాగితం మీద అతను దాదాపు ఆరోగ్యవంతుడు. కానీ పక్కింటివాళ్ళు గోడలోంచి తన ఆలోచనలు వింటున్నారన్న నమ్మకంతో ఏడాదిగా కిటికీ తలుపు తీయలేదు. చిన్నప్పటి స్నేహితుడి ఫోన్ ఎత్తడు. రేపు చికిత్స అంది, ఆ భయం తగ్గి, కిటికీ తెరిచి, స్నేహితుడికి తనే ఫోన్ చేశాడనుకోండి. ఆ కాగితం మీద మార్కు ఎంత పెరుగుతుంది? పెద్దగా పెరగదు, పెరగడానికి చోటే లేదు. అతని బతుకు మొత్తం మారింది, లెక్కలో మాత్రం ఏమీ జరగలేదు.

డిప్రెషన్, యాంగ్జైటీల విషయంలో ఆ ఐదు ప్రశ్నలు ఫర్వాలేదు, పని చేస్తాయి. సైకోసిస్ దగ్గర, అంటే ఆ అబ్బాయిలా లేనిది ఉందని గట్టిగా నమ్మే స్థితి దగ్గర, తడబడతాయి. అందుకే షెఫీల్డ్ విశ్వవిద్యాలయంలో రీకాల్ అనే ఇంకో ప్రశ్నాపత్రం తయారుచేశారు. 10 ప్రశ్నలది ఒకటి, 20 ప్రశ్నలది ఒకటి. రేపటి మీద ఆశ ఉందా, నా బతుకు నా చేతిలో ఉందా, నాకంటూ మనుషులున్నారా, నన్ను నేను ఎలా చూసుకుంటున్నాను, ఇలాంటివి అడుగుతుంది. మానసిక జబ్బులు అనుభవించినవాళ్ళను కూర్చోబెట్టుకుని, వాళ్ళకి ముఖ్యమైనది ఏమిటో విని రాసిన ప్రశ్నలవి. మీరు ఏ కొలమానం ఎంచుకున్నా ఈ పని చేయండి. ఆ కాగితాన్ని ముందుగా జబ్బు పడ్డవాళ్ళకు చూపించి, మీ బతుకు బాగుపడితే ఇందులో కనపడుతుందా అని అడగండి.

ఇక జేబుల సంగతి. ఆసుపత్రిలో ఉండే రోజులు తగ్గించాం, ఇంత ఆదా అయింది అని చెప్పుకుంటాం. ఒక తల్లిని తీసుకోండి. కొడుకును పది రోజులు ముందు డిశ్చార్జి చేశారు. ఆవిడ పనికి సెలవు పెట్టింది, తర్వాత పనే మానేసింది. రాత్రి అతను లేచి వెళ్ళిపోతాడేమోనని తలుపుకి అడ్డంగా పక్క వేసుకుని పడుకుంటుంది. మాత్రల షీటు తెరిచి ఎన్ని మింగాడో రోజూ లెక్కపెడుతుంది. ఆసుపత్రి పద్దులో పది రోజులు ఆదా. ఆవిడ పద్దు ఎక్కడా లేదు. ఖర్చు తగ్గలేదండీ, చేయి మారింది. నలభై ఏళ్ళ కిందటే వైస్‌బ్రాడ్ కుటుంబ భారాన్ని లెక్కలో పెట్టగలిగినప్పుడు ఇవాళ మనకి పెట్టడం చేతకాదనడం సరికాదు.

లాభం కూడా ఇలాగే వేరే జేబులోకి పోతుంటుంది. ఐరోపాలో ఆరు నగరాల్లో, తీవ్రమైన మానసిక జబ్బున్న 312 మందితో ఒక అధ్యయనం జరిగింది, ఫలితాలు 2007లో వచ్చాయి. సగం మందికి ముందు శిక్షణ, తర్వాత ఉద్యోగం అనే పాత పద్ధతి. మిగతావాళ్ళకు ముందే నిజమైన ఉద్యోగం చూపించి, చేరాక పక్కనే ఉండి నిలదొక్కుకునేలా చేసే పద్ధతి. రెండో పద్ధతిలో 55 శాతం మంది ఉద్యోగం చేశారు, మొదటిదాంట్లో 28 శాతం. పనిలో పెడితే టెన్షన్ పెరిగి జబ్బు తిరగబెడుతుందని చాలామంది భయపడతారు కదా, అది కూడా చూశారు. మళ్ళీ ఆసుపత్రి పాలైనవాళ్ళు పాత పద్ధతిలో 31 శాతం, కొత్తదాంట్లో 20 శాతం. ఇంత మంచి ఫలితాలున్న సేవ చాలా చోట్ల ఎందుకు లేదు? ఉద్యోగ సహాయకుడి జీతం ఆరోగ్య శాఖ ఇవ్వాలి, మనిషి ఉద్యోగంలో చేరితే భత్యాలు మిగిలేది సంక్షేమ శాఖకి, పన్ను వచ్చేది ఖజానాకి. ఏ ఒక్క శాఖ లెక్కలోనూ గిట్టుబాటు కనపడదు. కాబట్టి ప్లానింగ్ బల్ల చుట్టూ ఆ శాఖలన్నీ కూర్చోవాలి. వీలైతే కొంత డబ్బు ఉమ్మడి పద్దులో పెట్టాలి. అది కుదరకపోతే కనీసం లాభం ఎవరికి పోతోందో ఫైల్లో రాయాలి. రాస్తే వచ్చే ఏడాదైనా వాళ్ళను అడగొచ్చు.

బెడ్ల లెక్క గురించి త్వరగా చెబుతాను, ఎందుకంటే ఇక్కడ పప్పులో కాలేసేవాళ్ళు ఎక్కువ. ఒక బెడ్‌కి రోజుకి ఇంత అని సగటు ఖర్చు ఉంటుంది. కొత్త కమ్యూనిటీ టీము వల్ల వంద బెడ్-రోజులు తగ్గితే సగటును వందతో గుణించి ఇంత ఆదా అని రాసేస్తారు. బస్సులో ఒక ప్రయాణికుడు తగ్గితే డ్రైవరు జీతం, డీజిల్ తగ్గుతాయా? వార్డులో రాత్రి డ్యూటీ నర్సులు అంతమందే ఉండాలి, కరెంటు అంతే. వార్డు మొత్తం మూసేదాకా చేతికొచ్చే డబ్బు చాలా తక్కువ. పైగా బయట సేవలు నిలబడేదాకా వార్డు నడవాల్సిందే, అంటే కొంతకాలం రెండు ఖర్చులూ భరించాలి. ఆ మధ్యకాలపు డబ్బు ముందే కేటాయించకుండా వార్డులు మూసిన చోట్ల మనుషులు రోడ్డున పడ్డారు.

లండన్‌లో ఫ్రైర్న్, క్లేబరీ అనే రెండు పెద్ద మానసిక ఆసుపత్రులను మూసేటప్పుడు, బయటికి వెళ్ళినవాళ్ళను 1985 నుంచి ఏళ్ళ తరబడి వెంబడించి చూశారు. జూలియన్ లెఫ్ అనే సైకియాట్రిస్టు ఆ బృందాన్ని నడిపారు. మొత్తం మీద బయటి జీవితం ఆసుపత్రి కన్నా ఎక్కువ ఖరీదు కాలేదు, మనుషులకు అదే నచ్చింది. కానీ ముందుగా బయటికి వెళ్ళినవాళ్ళు కాస్త తేలిగ్గా ఉన్నవాళ్ళు. వాళ్ళకయిన ఖర్చు తక్కువ. చివర్లో వెళ్ళినవాళ్ళకి చాలా ఎక్కువ సాయం కావాల్సి వచ్చింది. మొదటి ఏడాది ఖర్చు చూసి చివరి ఏడాదికి బడ్జెట్ వేస్తే ఏమవుతుందో మీరే ఊహించండి.

కొత్తవి పెట్టడం గురించే మాట్లాడుతున్నాం, ఉన్నవాటిలో ఏది ఆపాలో కూడా చూడాలి. ఇంగ్లండ్‌లో డిశ్చార్జి అయినవాళ్ళకు బయట కూడా చికిత్స తప్పనిసరి చేసే చట్టపరమైన ఉత్తర్వులు ఉన్నాయి. 2013లో వచ్చిన ఒక అధ్యయనంలో, ఆ ఉత్తర్వు ఉన్న గుంపులోనూ లేని గుంపులోనూ ఏడాదిలో తిరిగి అడ్మిట్ అయినవాళ్ళు సమానంగా 36 శాతం. మనిషి స్వేచ్ఛను తగ్గించాం, దానికి కాగితాలు, సమీక్షలు, సిబ్బంది సమయం ఖర్చుపెట్టాం, తేడా రాలేదు. ఇలాంటివి వెతికితే ప్రతి చోటా ఉంటాయి.

ఇంకొక్కటి. సైకియాట్రిస్టులు లేనిచోట మామూలు మనుషులకు శిక్షణ ఇచ్చి సేవ నడపొచ్చా? నడపొచ్చు, నిదర్శనాలు బలంగా ఉన్నాయి. జింబాబ్వేలో డిక్సన్ చిబాండా మొదలుపెట్టిన ఫ్రెండ్‌షిప్ బెంచ్‌లో అమ్మమ్మల వయసు ఆరోగ్య కార్యకర్తలు క్లినిక్ బయట బెంచీ మీద కూర్చోబెట్టుకుని, సమస్యను విడమర్చి పరిష్కారం వెతుక్కునేలా సాయం చేస్తారు. 573 మందితో చేసిన పరీక్షలో ఆరు నెలలకి డిప్రెషన్ లక్షణాలు మిగిలినవాళ్ళు వీళ్ళ దగ్గర 14 శాతం లోపే, మామూలు సేవలో దాదాపు 50 శాతం. గోవాలో సాధారణ కౌన్సెలర్లు ఆరు నుంచి ఎనిమిది సెషన్లు నడిపిన పద్ధతిలో మూడు నెలలకి 64 శాతం మంది కోలుకున్నారు, పోల్చిచూసిన గుంపులో 39 శాతం. ఇవి చదివి "అయితే చౌకగా అయిపోతుంది" అనుకోవద్దు. ఈ రెండు చోట్లా ఎంపిక, శిక్షణ, క్రమం తప్పని పర్యవేక్షణ, చేయి దాటిన కేసును పైకి పంపే దారి ఉన్నాయి. ఆ ఖర్చులు తీసేసి కార్యకర్త నెత్తిన ఇంకో పని పెడితే అది వేరే సేవ అవుతుంది, ఆ ఫలితాలు రావు.

సమయం అయిపోతోంది. ప్రశ్నలు ఉంటే అడగండి.

(వెనక వరుసలోంచి ఒక అధికారి: "సార్, ఫలితాన్ని ఎన్నాళ్ళకి చూడాలి? మా బడ్జెట్ ఏడాదికే కదా.")

మంచి ప్రశ్న అండీ. ఏడాదిలో తేలే జబ్బులు కావివి. డెన్మార్క్‌లో మొదటిసారి సైకోసిస్ వచ్చిన యువతకు రెండేళ్ళపాటు ప్రత్యేకమైన టీముతో సేవ అందించారు. రెండేళ్ళకి ఫలితాలు స్పష్టంగా మెరుగ్గా ఉన్నాయి. తర్వాత వాళ్ళను మామూలు సేవకి మార్చారు. ఐదేళ్ళకి చూస్తే లక్షణాల్లో కనపడ్డ ఆ మెరుగుదల చాలావరకు నిలవలేదు. రెండేళ్ళ దగ్గర ఆగిన లెక్క ఒకటి చెబుతుంది, ఐదేళ్ళ లెక్క ఇంకొకటి అడుగుతుంది: సేవను ఎంతకాలం ఇవ్వాలి అని. ఇంకో వైపు, తీవ్రమైన మానసిక జబ్బున్నవాళ్ళు మిగతావాళ్ళ కన్నా 10 నుంచి 20 ఏళ్ళు ముందు చనిపోతున్నారు. ఎక్కువ భాగం గుండెజబ్బులు, షుగర్ లాంటి ఒంటి జబ్బులతోనే. ఇవాళ మానసిక క్లినిక్‌లో బీపీ, షుగర్ చూస్తే ఫలితం పదిహేనేళ్ళకి కనపడుతుంది. బడ్జెట్ ఏడాదికే వేయండి, తప్పదు. ఫైల్లో మాత్రం ఒకటి, మూడు, ఐదు ఏళ్ళకి ఏం చూస్తారో ఇప్పుడే రాసిపెట్టండి. మూడో ఏడాది దాకా తేడా రాదని ముందే రాసి ఉంటే, మొదటి ఏడాది అంకెలు చూపించి ఎవరూ సేవను మూసేయలేరు.

(ముందు వరుసలోంచి ఒక నర్సు: "మా దగ్గర ఈ డేటా ఏదీ లేదు సార్. రిజిస్టర్లో పేరు, తేదీ, మందు, అంతే. ఎక్కడ మొదలుపెట్టమంటారు?")

ఆ రిజిస్టరే చాలమ్మా మొదలుపెట్టడానికి. తేదీలు ఉన్నాయి కదా. ఎవరు పదే పదే వస్తున్నారు, ఎవరు రెండుసార్లు వచ్చి మాయమయ్యారు అన్నది అందులోనే ఉంది. మాయమైనవాళ్ళలో కొందరికైనా ఫోన్ చేసి ఎందుకు రాలేదో అడగండి. దూరమా, మందు పడలేదా, ఎవరైనా చూస్తారని సిగ్గా, తగ్గిపోయిందా? ఒక్కో జవాబుకి ఒక్కో రకం సేవ కావాలి, వాటి ఖర్చులూ వేరు. పదే పదే అడ్మిట్ అవుతున్నవాళ్ళ విషయంలో, ఒక్కొక్కరికి పోయిన ఏడాది ఎన్ని రోజులు ఆసుపత్రిలో గడిచాయి, పోలీసుల దాకా వెళ్ళిందా, ఉండటానికి చోటుందా, ఇంట్లో ఎవరు పని మానుకున్నారు అన్నది ఒక పేజీలో రాయండి. కుటుంబం వివరాలు కుటుంబాన్నే అడిగి రాయండి, ఊహించి రాయొద్దు. వచ్చినవాళ్ళందరికీ ఒక చిన్న ప్రశ్నాపత్రం మొదటి రోజు ఒకసారి, మూడు నెలలకి ఒకసారి పెట్టండి. మానేసినవాళ్ళను లెక్కలోంచి తీసేయకండి. వాళ్ళను తీసేస్తే ఏ సేవైనా బాగా నడుస్తున్నట్టే కనపడుతుంది.

ఇదంతా కొత్త సేవ మొదలవకముందే చేయాలి. కనీసం మూడు నెలలు ముందు. సేవ మొదలయ్యాక వెనక్కి వెళ్ళి, అంతకుముందు ఎలా ఉండేదో రాయడం ఎవరివల్లా కాదు.